అమ్మను సిటీకి తెచ్చుకున్నాక, ఎవర్నీ అడక్కుండా ఆమె చేసుకోగల పనులు ఎన్ని ఉన్నాయో చూడండి

మీరు రాసిన వివరాలన్నీ చదివాను. నాన్నగారు పోయి ఏడాది దాటింది. తెనాలి దగ్గర ఊళ్ళో అంత ఇంట్లో ఒక్కరే ఎందుకని, అరవై ఆరేళ్ళ అమ్మగారిని నిజాంపేటలో మీ ఫ్లాట్‌కి తెచ్చుకున్నారు. ఆమె పొద్దస్తమానం టీవీ ముందే కూర్చుంటున్నారు, సౌండు బాగా పెంచి సీరియళ్ళు చూస్తున్నారు. మీ ఆవిడ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు కాబట్టి ఆఫీసు కాల్స్ మధ్యలో ఆ సౌండు దగ్గర మాటా మాటా వస్తోంది. ఇప్పుడు అమ్మగారు "నన్ను ఊళ్ళో దింపెయ్ రా" అంటున్నారు. పంపిస్తే "పెళ్ళాం మాట విని తల్లిని వదిలేశాడు" అని చుట్టాలు అంటారని మీ భయం. కొన్నాళ్ళకు ఆమే అలవాటు పడతారా, టీవీ ఎలా మాన్పించాలి, ఊరికి పంపడమా వద్దా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. దానంతటదే అలవాటు కాదు. టీవీ మాన్పించే ప్రయత్నం చేయకండి. ఇక పంపడమా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి, ఆమె తేల్చుకునేదాకా రెండు దారులూ నిజంగా తెరిచి ఉంచడం మీ బాధ్యత.

నేను కూకట్‌పల్లి వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా కాలనీలో సాయంత్రాలు పెద్దవాళ్ళం కలుస్తాం, ఆ కూడిక చూసుకునేది నేనే. గుంటూరు, కృష్ణా, కరీంనగర్, పాలమూరు, శ్రీకాకుళం, ఎటు నుంచైనా సరే పిల్లల దగ్గరికొచ్చిన తల్లిదండ్రులు మాలో ఉన్నారు. కౌంటర్ అవతల కూర్చున్నప్పుడూ, ఇప్పుడు పార్కు బెంచీ మీదా వాళ్ళ దగ్గర నాకు వినిపించిన బాధ ఒకటే. పిల్లలు బాగా చూసుకోవడం లేదని చెప్పినవాళ్ళు తక్కువ. బాగానే చూసుకుంటున్నారు కాబట్టి ఏమని చెప్పుకోవాలో తెలియక నలిగిపోయేవాళ్ళు ఎక్కువ.

ఊళ్ళో మీ అమ్మగారి రోజు ఎలా గడిచేదో ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లారగట్ల లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేవారు. పాలు పోసే అతనితో నీళ్ళు ఎక్కువయ్యాయని ఓ మాట అనేవారు. వరి కోతలయ్యే వేళకు కౌలుకు చేసే ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, మినుము ఎప్పుడు చల్లాలో, ఈసారి కౌలు ఎన్ని బస్తాలిస్తాడో చెప్పి వెళ్ళేవాడు. ఎదురింటి కోడలు పచ్చడి కొలతలు అడగడానికి వచ్చేది. ఎవరింట్లోనో పెళ్ళయితే సారెలో ఏమేం పెట్టాలో ఆమెనే అడిగేవాళ్ళు. ఇందులో ఒక్క పనికీ ఆమె ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఎదుటివాళ్ళే ఆమెను అడిగేవాళ్ళు.

ఇప్పుడు మీ ఫ్లాట్‌లో రోజు చూడండి. పాలు యాప్‌లో వస్తాయి, కూరగాయలు పది నిమిషాల్లో తలుపు దగ్గరుంటాయి. ముగ్గు స్టిక్కర్ అంటించి ఉంటుంది. స్మార్ట్ టీవీలో కావలసిన చానెల్ రావాలంటే మనవరాలు పెట్టాలి. పనమ్మాయికి ఏం చెప్పాలన్నా కోడలు ముందే ఏం చెప్పిందో తెలుసుకోవాలి. కిందికి వెళ్ళొస్తానంటే "ఒక్కదానివే ఎందుకమ్మా, సాయంత్రం నేను తీసుకెళ్తాగా" అంటారు మీరు, ప్రేమతోనే. ఇలా ప్రతిదానికీ ఒకర్ని అడగాల్సి వచ్చినప్పుడు మనిషి అడగడం మానేసి ఒకచోట కూర్చుండిపోతుంది. ఆ కూర్చున్న చోట టీవీ ఉంది.

సీరియళ్ళను మీరు కొంచెం చిన్నచూపు చూశారనిపించింది, అందుకని ఆ సంగతి కాస్త వివరంగా చెప్తాను. స్టార్ మాలో 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీక దీపం' రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. డాక్టర్ బాబు వంటలక్కను ఎప్పుడు నమ్ముతాడా అని రాష్ట్రం రాష్ట్రమంతా మాట్లాడుకుంది. మా వైపు ఊళ్ళలో రాత్రి చూసిన ఎపిసోడ్ తెల్లారి కిరాణా కొట్టు దగ్గరా మంచినీళ్ళ ట్యాంకు దగ్గరా మళ్ళీ నడిచేది. మొగుడు అనుమానిస్తే ఆడది ఇల్లు వదిలి తన కాళ్ళ మీద నిలబడటం తప్పా ఒప్పా అని అరవై ఏళ్ళ ఆడవాళ్ళు గట్టిగా వాదించుకోవడం నేను విన్నాను. తమ కూతుళ్ళ సంసారాల గురించి నేరుగా అనలేని మాటలు వంటలక్క పేరు పెట్టుకుని అనుకునేవాళ్ళు. సీరియల్‌లో సగం విలువ ఆ మర్నాటి మాటల్లోనే ఉంది. మీ ఇంట్లో ఆమెకు సీరియల్ మిగిలింది, మర్నాటి మాటలు లేవు.

ఇంకో సంగతి గమనించండి. ఆ కథల్లో అత్తలు మంచివాళ్ళయినా చెడ్డవాళ్ళయినా నిర్ణయాలు వాళ్ళవే. బీరువా తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి, హాల్లోకి వస్తే అందరూ లేచి నిలబడతారు. తన వయసు ఆడమనిషి చుట్టూ కథ తిరిగేది తెలుగులో ఇప్పుడు సీరియళ్ళలోనే. మన సినిమాల్లో అమ్మ పాత్ర చాలామటుకు హీరోకి అన్నం పెట్టి పక్కకు తప్పుకుంటుంది. అందుకే మీ అమ్మగారు ఏం చూస్తున్నారో ఒక పావుగంట పక్కన కూర్చుని అడగండి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పించుకోండి. సలహా కోసం ఆమెను ఎవరైనా అడిగి ఏడాదవుతోంది కదా, మీకు కథ చెప్పడం కూడా ఆమెకు చిన్న విషయం కాదు.

సౌండు మాత్రం వేరే విషయం. సౌండు అంత పెంచుకుంటున్నారంటే చెవి పరీక్ష చేయించాలి. వయసుతో వినికిడి తగ్గడం మెల్లగా వస్తుంది, ముందు సన్నని శబ్దాలూ హల్లులూ పోతాయి. మాట వినిపిస్తుంది గానీ ఏమన్నారో తెలియదు. నలుగురూ ఒకేసారి మాట్లాడే భోజనాల బల్ల దగ్గర ఆమె మౌనంగా ఉంటున్నారా? అలిగారనుకోకండి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ పరీక్ష అరగంట పని. ఈలోగా టీవీకి ఒక వైర్‌లెస్ హెడ్‌ఫోన్ పెడితే మీ ఆవిడ కాల్స్‌కి ఇబ్బంది ఉండదు. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, ఇంతకుముందు ఇష్టమైనవి కూడా వద్దనడం వారాల తరబడి ఉంటే దాన్ని ఊరి మీద బెంగ అని వదిలేయకండి. భర్త పోయిన ఏడాది, రెండేళ్ళలో డిప్రెషన్ రావడం సామాన్యం, మందులతో తగ్గుతుంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక్కడ గంగవ్వగారి సంగతి చెప్పాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకున్న గంగవ్వ 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌లోకి వెళ్ళారు. ఏసీ ఇల్లు, వేళకు తిండి, ఇంట్లో అందరికీ ఆమె అంటే ప్రాణం, బయట జనం ఓట్లు. అయినా కొన్ని వారాలకే ఆరోగ్యం బాగోలేదు, నేనుండలేను, పంపించండి అన్నారు. ఆ షో ఆమెకు ఊళ్ళో సొంత ఇల్లు కట్టుకునే దారి చూపించింది, ఆ ఇల్లు ఆమె కట్టుకుంది లంబాడిపల్లిలోనే. అంత ఆదరణ మధ్య కూడా ఉండలేకపోవడానికి కారణం ఆ ఇంట్లో లేచే వేళా పడుకునే వేళా ఆమె చేతుల్లో లేకపోవడమే అని నా నమ్మకం. మీ జిల్లా మస్తానమ్మగారిని కూడా గుర్తు తెచ్చుకోండి. గుంటూరు జిల్లా ఊళ్ళో పొలం గట్టున రాళ్ళ పొయ్యి పెట్టి, నేల మీద కూర్చుని చేత్తో కూరలు తరుగుతూ వందేళ్ళు దాటిన వయసులో యూట్యూబ్‌లో ప్రపంచమంతటికీ వంట చూపించారు. 2018 డిసెంబరులో పోయారు. ఆమె ముందు కెమెరా పెట్టింది సొంత మునిమనవడే. "నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" అని అతను అనలేదు, ఆమె చేతికి పని ఇచ్చాడు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. మొదట డబ్బు, ఎందుకంటే బ్యాంకులో నేను దగ్గరగా చూసింది ఇదే. అబ్బాయి అమ్మను తీసుకొస్తాడు. అకౌంటుకు తన ఫోన్ నంబరు లింక్ చేయిస్తాడు, ఏటీఎం కార్డు తన పర్సులో పెట్టుకుంటాడు, "అమ్మకు ఇవన్నీ తెలియవండీ" అంటాడు. ఆవిడ ఎప్పుడైనా విత్‌డ్రాయల్ ఫారం రాయించుకుని ఐదొందలు తీసుకుంటే మెసేజి అబ్బాయి ఫోన్‌కి వెళ్తుంది. సాయంత్రం "ఏం కొన్నావమ్మా?" అంటాడు. ఆ అడగడంలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆవిడ మళ్ళీ బ్యాంకుకు రాదు. మనవరాలికి రిబ్బను కొనడానికో గుళ్ళో హుండీలో వేయడానికో కూడా కొడుకు ముందు లెక్క తేలాల్సిన పరిస్థితి చాలామంది తల్లులది.

కాబట్టి మీ అమ్మగారి పేరు మీద విడిగా ఒక చిన్న సేవింగ్స్ ఖాతా ఉంచండి. లింక్ చేసేది ఆమె ఫోన్ నంబరే. కౌలు డబ్బు నేరుగా అందులోకి రావాలి. మీరు నెలనెలా ఇచ్చేది కూడా చేతికిచ్చే బదులు అందులో వేయండి, దేనికి ఖర్చయిందని అడగకండి. పెద్ద మొత్తాలు, డిపాజిట్లు వేరే ఖాతాలో ఉంచి మీ చెల్లెలినో మిమ్మల్నో జాయింటుగా పెట్టుకోవచ్చు. ఎందుకంటే పోలీసులమనీ డిజిటల్ అరెస్ట్ అనీ పెద్దవాళ్ళను బెదిరించి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు ఇప్పుడు మరీ ఎక్కువయ్యాయి. ఎవరు ఫోన్ చేసినా డబ్బు మాట వస్తే పెట్టేసి మీకు చెప్పమనండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆమెకు కూడా తెలియాలి. తిడతారని భయపడి పిల్లలకు చెప్పకుండా ఆలస్యం చేసినవాళ్ళ డబ్బే ఎక్కువగా తిరిగి రాదు.

రెండోది గేటు. మీ అపార్ట్‌మెంట్లో గేటు యాప్ ఉండే ఉంటుంది. ఎవరైనా వస్తే వాచ్‌మన్ నొక్కగానే మీ ఫోన్ మోగుతుంది, మీరు ఒప్పుకుంటేనే లోపలికి. మీరు మీటింగ్‌లో ఉన్నారు, చూసుకోలేదు. పక్క బ్లాకులోని పెద్దావిడో, మియాపూర్‌లో ఉండే మీ పిన్నిగారో పావుగంట ఎండలో నిలబడి వెనక్కి వెళ్ళిపోతారు. పైన అమ్మగారికి ఎవరొచ్చారో కూడా తెలియదు. తన గడపలోకి ఎవరు రావాలో చెప్పే హక్కు ఊళ్ళో ఆమెదే కదా. ఆ యాప్‌లో ఆమె నంబరు కూడా ఆ ఫ్లాట్ మనిషిగా చేర్పించండి. యాప్ వాడలేకపోతే ఇంటర్‌కామ్‌కి ఫోన్ చేయమని సెక్యూరిటీకి చెప్పండి. ఫ్లాట్ తాళంచెవి ఒకటి ఆమె కొంగున ఉండాలి. డిజిటల్ లాక్ అయితే వేలిముద్ర వేయించండి.

మూడోది బయటికి వెళ్ళడం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులు ఉచితం. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ రెండింటిలోనూ సున్నా టికెట్ ఇస్తారు. మా కూడికలో ఆడవాళ్ళ జీవితాల్లో ఈ ఒక్క పథకం తెచ్చిన మార్పు నా కళ్ళతో చూస్తున్నాను. నలుగురు కలిసి రైతు బజారుకు వెళ్తారు, అక్కడి నుంచి గుడికి, అక్కడి నుంచి ఒకరి కూతురింటికి. కొడుకును ఆటోకి డబ్బులు అడగక్కర్లేదు, కారెప్పుడు ఖాళీ అవుతుందా అని చూడక్కర్లేదు. ఉచిత బస్సుల మీద టీవీ చర్చల్లో ఎకసెక్కాలు వింటుంటే నాకు కోపం వస్తుంది. అరవై దాటిన ఆడమనిషి తనంతట తాను గడప దాటడం ఎంత పెద్ద విషయమో వాళ్ళకు తెలియదు.

అయితే దీనికి తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపించాలి. మీ అమ్మగారి ఆధార్ తెనాలి వైపు అడ్రసుతో ఉంటుంది. మార్చేసే ముందు ఆగండి. ఆంధ్రలో 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు పింఛను నెలకు 4,000 రూపాయలు, ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి చేతికిస్తారు. అమ్మగారికి అది వస్తున్నట్టయితే, అడ్రసు మార్చుకుని ఇక్కడి మనిషిని అన్నాక దాన్ని వదులుకోవాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి అక్కడ కూడా ఆడవాళ్ళకు బస్సు ఉచితం, దానికి అక్కడి కార్డు కావాలి. ఆమె ఏ ఊరి మనిషిగా ఉండాలనుకుంటున్నారో ఆమె తేల్చుకునేదాకా ఆధార్ అలాగే ఉంచండి. ఈలోగా ఇక్కడ టికెట్ కొనుక్కుని తిరిగినా సిటీ ఆర్డినరీ బస్సు ఖర్చు పెద్దదేం కాదు. మొదటి కొన్నిసార్లు మీరో మీ పాపో తోడు వెళ్ళి, ఏ నంబరు బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అన్నది చూపించి తర్వాత వదిలేయండి. ఫోన్ ఉందిగా.

వంటిల్లు గురించి ఒక్క మాట. అది మీ ఆవిడది కూడా, కాబట్టి వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, మీరు మధ్యలో తీర్పులు చెప్పకండి. అప్పుడప్పుడూ కూరలు తరిగివ్వడం, వెల్లుల్లి ఒలవడం లాంటి సాయం కంటే ఏదో ఒకటి పూర్తిగా ఆమెకు అప్పగించడం మంచిది. సాయంత్రం పిల్లల టిఫిన్ అనుకుంటే, ఏం చేయాలి, సరుకులు ఎక్కడ కొనాలి, ఎంత చేయాలి అన్నీ ఆమె ఇష్టమే. వేసవిలో ఆవకాయ ఆమె పేరు మీదే జరగాలి. రైతు బజారులో కాయ ఏరి, అక్కడే టెంక చీలేలా ముక్కలు కొట్టించి, ఇంటికొచ్చి గుడ్డతో తుడిచి, కారం గుంటూరు నుంచి తెప్పించి, ఉప్పూ ఆవపిండీ ఆమె చేతి కొలతతో కలపనివ్వండి. ఎదురు ఫ్లాట్ వాళ్ళకు సీసా పంపించాలన్నా ఆమె చేతే పంపించండి. ఆ సీసాతో మొదలైన స్నేహాలు మా బ్లాకులో చాలా ఉన్నాయి.

కార్తీకంలో, శ్రావణంలో ఆమె ముభావంగా ఉంటే దానికింకో కారణం ఉంటుంది. ఊరి గురించి అందరూ తీయగా చెప్తారు గానీ, భర్త పోయిన ఆడదానికి మన ఊళ్ళు అంత తీయగా ఉండవు. నిన్నటిదాకా పేరంటానికి ముందు పిలిచిన ఇంటివాళ్ళే పక్కన కూర్చోబెడతారు. పెళ్ళిలో తలంబ్రాల దగ్గర నుంచి తనే తప్పుకుంటుంది, ఎవరూ వద్దనలేదు అంటారు. మా కూడికలో మొదట్లో బొట్టు పెట్టుకోవడానికి కూడా జంకిన ఆవిడ ఒకరున్నారు. మేం శ్రావణ శుక్రవారం తాంబూలాలు అందరికీ ఇస్తాం, భర్త ఉన్నారా లేరా అని చూడం. ఆవిడకు బొట్టు పెట్టి చేతికి శనగలూ జాకెట్టు ముక్కా ఇస్తే, తీసుకోవాలో వద్దో తెలియక ఆ ఆకు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇప్పుడు బతుకమ్మకు పూలు పేర్చేది ఆవిడే. శ్రీకాకుళం మనిషి, ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నారు. ఎవరికీ ఆమె గతం తెలియకపోవడం సిటీ ఇచ్చే మేలు. ఆ మేలు మీ అమ్మగారికి అందాలంటే ఆమె వయసు వాళ్ళ మధ్యకు ఆమె వెళ్ళాలి. మీ కాలనీలో అలాంటి కూడిక లేకపోతే గుడి మెట్ల దగ్గరో పార్కులోనో సాయంత్రం ఐదు గంటలకు చూడండి, తప్పకుండా ఉంటుంది. మొదటిసారి మీ ఆవిడ తీసుకెళ్తే ఇంకా బాగుంటుంది.

మీ ఆవిడ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మీ ప్రశ్నలో ఆమె ఇబ్బంది ఒక వాక్యంలో ఉంది, అది నాకు నచ్చలేదు. రోజంతా ఇంట్లో అత్తగారితో ఉండేది ఆమె. టిఫిన్ తిన్నారా, మాత్ర వేసుకున్నారా అని చూసేది ఆమె, అదీ ఉద్యోగం చేస్తూ. మీరు సాయంత్రం వచ్చి అమ్మ పక్కన పది నిమిషాలు కూర్చుంటే అమ్మకు మీరు బంగారం, గొడవ మిగిలింది కోడలితో. అమ్మగారి డాక్టరు, మందులు, బ్యాంకు, ఊరి ప్రయాణాలు అన్నీ మీరే చూడండి. మీ అమ్మ బాధ్యతలో మొదటి మనిషి మీరు, రెండో మనిషి మీ చెల్లెలు. కోడలు చేసేది ఆమె మంచితనం. రేపు వాళ్ళ అమ్మానాన్నలు ఇదే ఫ్లాట్‌కి వస్తానంటే ఆ గది వాళ్ళకూ తెరిచి ఉంటుందని మీ నోటితో ఇప్పుడే చెప్పండి. చెప్పి చూడండి, ఇంట్లో సగం బిగువు సడలుతుంది.

ఆస్తి సంగతి మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు గానీ నాకు అది పెద్దగానే కనిపించింది. "ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఇక్కడ ఇంకో పెద్ద ఫ్లాట్ తీసుకుందామనుకుంటున్నాం" అన్నారు. దయచేసి ఇప్పుడప్పుడే ఆ పని చేయకండి. నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ ప్రతి బిడ్డకూ సమాన వాటా. మీరూ మీ చెల్లెలూ ఇద్దరే కాబట్టి అమ్మగారిది మూడో వంతు. మీ నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే లెక్క వేరు, అప్పుడు కూడా ఆడపిల్లకు వాటా ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచి ఆ హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. "అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అంటే ఆమె పెట్టేస్తారు, అందుకే అడగకండి. ఆ ఇల్లు ఉన్నంతకాలం ఆమె మీ దగ్గర ఇష్టంతో ఉన్నట్టు లెక్క. అది అమ్మేసిన రోజు నుంచి వేరే గతి లేక ఉన్నట్టు అవుతుంది. మీరు మారకపోవచ్చు, ఆమె కూర్చునే తీరు మారుతుంది.

ఎప్పుడైనా ఆమే మీ ఇద్దరి పేరా గిఫ్టు రాస్తానంటే, తనను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే రాసిచ్చింది రద్దు చేయమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఈ సెక్షన్‌ను పెద్దవాళ్ళకు మేలు జరిగేలా ఉదారంగా అర్థం చేసుకోవాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. మీ ఇంట్లో ఆ అవసరం రాదనే నా నమ్మకం. కానీ ఆమె చేత షరతు రాయించే కొడుకు మీద ఆమెకు ఇంకా నమ్మకం పెరుగుతుంది.

చుట్టాల మాట గురించి ఎక్కువ చెప్పను. తల్లి ఊళ్ళో ఉంటే వదిలేశాడంటారు, ఇక్కడుంటే బంధించాడంటారు. వాళ్ళలో ఒక్కరూ వచ్చి ఒక పూట ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు. ఎవరైనా అంటే "అమ్మనే అడగండి" అని ఫోన్ ఆమె చేతికివ్వండి.

ఇక ఊరు. సంక్రాంతి దాకా చూద్దాం అని ఆమెతో ఒక మాట అనుకోండి. ఈలోపల పైన చెప్పినవన్నీ జరగాలి, ఊరికే గడువు పెడితే లాభం లేదు. పండక్కి అందరూ వెళ్ళండి, మీరు సెలవు చూసుకుని వచ్చేయండి, ఆమెను ఒక నెల అక్కడ ఉండనివ్వండి. ఉన్నాక ఆమె ఏమంటే అది. మాలో చాలామంది పంటల రోజులు ఊళ్ళో, ఎండలు ముదిరే ముందు ఇక్కడ, అలా ఏడాదిని పంచుకున్నారు. రేపల్లె వెళ్ళే డెల్టా రైలు తెనాలిలో ఆగుతుంది. రైళ్ళలో పెద్దవాళ్ళకు 2020లో తీసేసిన రాయితీ మళ్ళీ రాలేదు గానీ, ఆమె వయసుకు కింది బెర్తు కోటా ఉంది, టికెట్ తీసేటప్పుడు అది అడగండి.

ఆమె అక్కడే ఉంటానంటే భయపడకండి, ఏర్పాట్లు చేయండి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, జారని నేల, రాత్రి మంచం నుంచి అక్కడిదాకా వెలిగే లైటు, ఈ మూడూ అన్నిటికంటే ముందు. పడి తుంటి ఎముక విరగడం ఈ వయసులో మనిషిని మంచం పట్టిస్తుంది. రోజూ పొద్దున్న ఒక వేళకు ఆమే మీకు ఫోన్ చేసేలా అలవాటు పెట్టండి, రాకపోతే వెళ్ళి చూసేందుకు పక్కింటివాళ్ళలో ఒకరిని అనుకోండి. మీ ఆఫీసు ఇన్సూరెన్సులో ఆమె పేరు ఉందో లేదో, ఉంటే తెనాలి, గుంటూరుల్లో ఏ ఆసుపత్రిలో నగదు లేకుండా చూస్తారో ముందే కనుక్కోండి. పెద్దవాళ్ళ కోసం 14567 అని ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. అదీ, 108, డాక్టరు, నమ్మకమైన ఆటో అతను, పక్కిల్లు, మీ నంబరు, చెల్లెలి నంబరు, అన్నీ కళ్ళజోడు లేకుండా కనబడేంత పెద్ద అంకెల్లో ఒక కాగితం మీద రాసి ఫోన్ పెట్టుకునే చోట గోడకు అంటించండి. ఆమె వేసుకునే మందుల పేర్లు, ఏ పూట ఏది అన్నది ఇంకో కాగితం మీద రాయండి, దాని కాపీ ఒకటి మీ చెల్లెలి దగ్గర కూడా ఉంచండి.